శని చూపు

"మూత పెట్టావా?"

వంటింటి గుమ్మంలోంచి ఆమె కేక. పెరట్లో రేకు కోసే మిషను శబ్దం మొదలవడం, ఆ మాట వినబడడం రోజూ ఉన్నదే.

"పెట్టానే తల్లీ! పెట్టాకే మిషను ముట్టుకున్నాను."

అతను రేకుల మేస్త్రీ. పెద్ద పెద్ద భవనాలకు గాలి గొట్టాలు చేసే చెయ్యి. ఇనుపరజను ఒక్క రవ్వ పడినా దుర్భిణి అద్దం పాడైపోతుందని, దాని నోటికి తనే రేకుతో మూత చేసి నల్లరంగు వేశాడు. అయినా మతిమరుపు మనిషని ఆమెకు అనుమానం.

మూతపడిన ఓ బడి సామాన్లలోంచి తెచ్చిన దుర్భిణి అది. మనిషంత పొడుగు. పదేళ్ళు మంచం కింద పడుకుంది. పక్క గోడౌను ఫ్లడ్ లైటు పెరడంతా పట్టపగలు చేస్తుంటే చుక్కలు కనబడేదెక్కడ? చుట్టూ గోడ, పైన తిరిగే గుమ్మటం ఉంటే తప్ప లాభం లేదు. చేద్దాంలే, చూద్దాంలే అంటూ మేస్త్రీ పదేళ్ళు నెట్టుకొచ్చాడు. ఇప్పుడు డాక్టరు గడువు పెట్టాడు.

"మీ ఆవిడకి కంటి నరం ఎండిపోతోంది. అద్దాలు, ఆపరేషను ఏవీ పనిచెయ్యవు. మూడు నెలలు చూపుంటే ఎక్కువ."

బయటికొచ్చి అతను గోడకానుకుని ఏడిస్తే ఆమే ఓదార్చింది. ఆమె టైలరు. ఇరవై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు అవి.

"ఏడిస్తే ఏమొస్తుందయ్యా? ఇవి పోయేలోగా ఆ ఉంగరం చుక్కని ఒక్కసారి చూపించు. చాలు."

చిన్నప్పుడు పాఠ్యపుస్తకం అట్ట మీద శనిగ్రహం బొమ్మ చూసింది. అప్పటినుంచీ అదే పిచ్చి.

దుర్భిణి నిలబెట్టే కాంక్రీటు స్తంభం పొయ్యడానికి ఆమె అన్న వచ్చాడు. తాపీ మేస్త్రీ. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"శని చూపు మీద పడకూడదని లోకమంతా భయపడి చస్తుంటే, నువ్వు ఎదురెళ్ళి దాన్ని చూస్తానంటావేమే?"

"అది నన్ను ఎప్పుడో చూసేసిందిలే అన్నయ్యా. తిరిగి నేను చూడకపోతే మర్యాదగా ఉండదు."

అన్న నవ్వబోయాడు. నవ్వు రాక, అటు తిరిగి ఇసుక జల్లించుకున్నాడు.

స్తంభం గది గచ్చుకి తగలకూడదు. తగిలితే మనిషి నడిచినప్పుడల్లా చుక్క వణుకుతుంది. అందుకని చుట్టూ బెత్తెడు సందు వదిలారు. మూడు వారాల్లో గోడలు లేచాయి. గుమ్మటం దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ చతికిలబడ్డాడు. జన్మంతా చదరపు గొట్టాలు చేసినవాడికి గుండ్రం లొంగలేదు.

"గొడుగు గుడ్డ కోసినట్టు కొయ్యవయ్యా. పన్నెండు ముక్కలు. కింద వెడల్పు, పైన కొస. కుట్టు బదులు రివెట్లు."

పాత పేపరు తెప్పించి మడత పెట్టింది. కొలతలు అతని చేత పైకి చదివించుకుంటూ, వేళ్ళతో అంచు పట్టుకుని కత్తిరించి ఇచ్చింది. వెంట్రుకవాసి తేడా రాలేదు. పైగా బిగించిన ప్రతి అతుకునీ వేలితో తడిమేది.

"ఇక్కడ పొంగింది. ఊడదియ్యి."

"నా కంటికేం కనబడలేదే!"

"కుట్టు సంగతి కంటికేం తెలుసు? వేలిని అడగాలి."

ఓరోజు, బట్టలారేసుకోడానికి వంటింటి గుమ్మం నుంచి గుమ్మటం గది దాకా తాడు కట్టమంది. కట్టాడు.

రోజూ పొద్దున్నే ఆమె ముందు వేళ్ళు చాపేవాడు.

"ఇవి ఎన్ని?"

"మూడు. ఎప్పుడూ మూడే చూపిస్తావు. ఇంకోటి చూపిస్తే నీ సొమ్మేం పోయింది?"

అతను నవ్వేసేవాడు. అమ్మయ్య, ఇంకా ఉంది. ఆ ధైర్యంతో సాయంత్రం దాకా సుత్తి ఆపేవాడు కాదు.

మూడో నెల చివరికొచ్చింది. గుమ్మటం కింద చక్రాలు పట్టేసి నాలుగు రోజులు మింగేశాయి. అతను అన్నం మానేశాడు.

"ఇంకెంత పనుంది?" అందామె.

"గుమ్మటం తిరగాలి. పైన తలుపు తెరుచుకోవాలి."

"కానియ్యి. నా దగ్గర ఎక్కువ లేదు."

ఆ మాట అతన్ని పట్టుకుని పీడించింది. మర్నాటికి చక్రాలు కదిలాయి. ఆ మర్నాడు సాయంత్రం తలుపు అంచులు ఆకురాయితో ఆఖరిసారి రుద్దేసరికి చీకటి పడింది. గుమ్మటం కిర్రుమంటూ తిరిగి తెరుచుకుంది. గోడౌను గోడకు పైన శని చుక్క వెలుగుతోంది.

"ముందు నువ్వు చూడు," అందామె.

"కుదరదు. మొదటి చూపు నీదే. అందాకా నేను కన్ను కూడా పెట్టను."

దుర్భిణి పక్కనే బిగించి ఉన్న చిన్న గురిగొట్టంలోంచి చూసి, చుక్కని అడ్డగీతల మధ్యకు తెచ్చి, మర బిగించాడు. ఆమెను స్టూలు మీద కూచోబెట్టి తల పట్టుకుని కన్ను ఆనించాడు.

ఆమె రెండో కన్ను చేత్తో మూసుకుంది.

"కనబడిందా?"

"ఉష్... ఉంది."

"ఏముంది? చెప్పవే!"

"ఉంగరం. కాస్త ఎడమకి ఒరిగింది. పసుప్పచ్చగా బొత్తామంత ఉంది. అచ్చం ఆ అట్ట మీద బొమ్మేనయ్యా."

అతను చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "అందించాను... వేళకి అందించాను."

"అందించావు." అతని చెంప వెతికి తుడిచింది. "ఇంక పోతే పోనీ ఈ కళ్ళు. నువ్వు మాత్రం ఏడవకు."

ఆమె తాడు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది. తనూ చూద్దామనుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. రేపు చూడొచ్చు, చుక్క ఎక్కడికి పోతుంది! మూడు నెలల తర్వాత మొదటిసారి అతనికి ఆకలి వేసింది.

గుమ్మంలోంచి ఎప్పటి కేకే వచ్చింది.

"మూత పెట్టి రావయ్యా, మంచు పడుతుంది!"

"వస్తున్నా!"

నవ్వుకుంటూ స్టూలెక్కి, మూత కోసం జేబు తడిమాడు. లేదు. రెండో జేబులోనూ లేదు. సాయంత్రం అంచులు రుద్దేముందు ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. చీకట్లో చెయ్యి చాచి దుర్భిణి నోటిని తడిమాడు.

మూత పెట్టే ఉంది.