మూసుకోని వాల్వు

"ఆ బకెట్ కింద పెట్టు. నేను తెస్తా," అన్నాడు భర్త.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బకెట్ ముట్టిన పాపాన పోలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఈ మధ్య అన్నీ వింతలే. కాస్త నీరసమంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి నానా పరీక్షలూ చేయించాడు. రక్తం తక్కువట. పొద్దున్నే మాత్ర తనే తెచ్చి చేతిలో పెడుతున్నాడు.

"తప్పు చేసిన మొగుడికే ప్రేమ పొంగుతుందక్కా," అంది చెల్లెలు ఫోన్లో. "పాలు ఊరికే పొంగవు. కింద మంటెక్కడుందో చూసుకో."

చూసుకోనక్కర్లేదు. ఆ మంటకు ఉంగరాల జుట్టు. ఆయన ఆఫీసు గేటు దగ్గర, ఆయనతో తల దగ్గర పెట్టి గుసగుసలాడుతూ ఆమె కళ్ళబడనే పడింది.

వాల్వుల్లోంచి నీళ్ళూ నూనెలూ ఎలా పారతాయో కంప్యూటర్లో పారించి చూడటం ఆయన పని. ఇన్నాళ్ళూ చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. ఇప్పుడేమో ఏదో వాల్వు పనంటూ అర్ధరాత్రి వస్తున్నాడు.

"ఆ వాల్వుకి అంత రోగమేంటి, దాన్ని వదిలి రాలేకపోతున్నారు?" అంది వడ్డిస్తూ.

"ఒకవైపే తెరుచుకోవాల్సింది. సరిగ్గా మూసుకోవట్లేదు. ముందుకు తోసింది వెనక్కొచ్చేస్తోంది. దాని బదులు ఏ కొలతది పెడితే కుదురుతుందో చూస్తున్నాం."

"చూస్తున్నాం అంటే? ఎవరెవరు?"

ఆయన మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

"నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశారా?"

ఆయన చూశాడు. ఎంతసేపంటే, ఆమే తల తిప్పుకుంది.

చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి పోయి, గొంతు తగ్గించి ఫోన్లో అనడం ఆమె చెవిన పడింది: "తనకిప్పుడే చెప్పొద్దండీ. ముందు ఇది కుదరనివ్వండి. తర్వాత నేనే చెప్తా."

తెల్లారి ఆమె ఆఫీసుకే బయల్దేరింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక మెట్లెక్కింది. పైకి చేరేసరికి ఆయాసమేదో, కోపమేదో తేలలేదు.

గాజు తలుపు వెనక ఒకే తెర ముందు రెండు కుర్చీలు. తెర మీద ఎర్రటి ధార. రెండు సన్నటి రెక్కలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ధార వెనక్కి రాలేదు.

"మూసుకుంది," అన్నాడు భర్త, కళ్ళు తుడుచుకుంటూ. ఉంగరాల జుట్టామె ఆయన భుజం తట్టింది.

"తట్టమ్మా, తట్టు," అంది ఆమె తలుపు తోసుకొచ్చి. "ఇప్పుడే చెప్పొద్దన్న ఆ పెళ్ళాన్ని నేనే. వచ్చేశా."

ఉంగరాల జుట్టామె గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, తన గడియారం చూసుకుంది. "మెట్లెక్కి వచ్చారా?"

"ఎగిరొచ్చా. నా చెయ్యి తర్వాత వదులుదువుగాని, ముందు ఆయన్ని వదులు."

భర్త ఆమెను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

"పెళ్ళాం కోసం ఏనాడూ తడవని కళ్ళు," అంది రొప్పుతూ. "ఇంతకీ ఏ పంపుసెట్టులోదండీ ఆ పాడు వాల్వు?"

"నీ గుండెలోది."