నీలం డ్రమ్ము

సుమతి తలుపు తీసేసరికి హారిస్ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

అతని ముందు ఆమె చెత్త సంచి. ముడి విప్పి, అరటితొక్కలు, ఉల్లిపొట్టు ఏరి బక్కెట్లో వేసుకుంటున్నాడు.

"ఏయ్! ఏంటయ్యా ఈ పని?"

ఉలిక్కిపడి లేచాడు. "పారేసేటివే గదమ్మా. అవి మట్టికి..."

"నోర్ముయ్! అందులో మా బ్యాంకు కాగితాలుంటాయి, సివిల్ ఐడీ జిరాక్సులుంటాయి. వాటికోసమేగా?"

అతనేదో చెప్పబోయాడు. తలుపు ధడాలున మూసుకుంది.

కువైట్‌లో, రిగ్గైలోని ఆ బిల్డింగుకు కాపలా, ఊడ్పు, చెత్త మోత అన్నీ హారిస్ పనే. హారిస్ అంటే అక్కడి అరబ్బీలో కాపలావాడు; అందరూ అలాగే పిలిచేవారు. రాయచోటి వైపు మనిషని యాసను బట్టి తెలుసు. నాలుగేళ్ళలో పేరడగాలని సుమతికి తోచలేదు. అతని నంబరు కూడా భర్త సోమశేఖర్ దగ్గరే ఉండేది.

ఆమె ధ్యాసంతా మిద్దెమీది కరివేపాకు మీదే. రెండు వేసవులు రెండు మొక్కలను మింగాయి. మూడోది మాత్రం ఏపుగా నిలబడింది.

"అంతా మాస్టారి చలవ," అనేది.

మాస్టారంటే తెలుగువాళ్ళ మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఒకాయన. పేరుండాల్సిన చోట ఆకు బొమ్మ. ఎవరి మొక్కకు జబ్బు చేసినా రెండు ముక్కల్లో మందు చెప్పేవారు. వ్యవసాయ శాఖలో పెద్ద ఆఫీసరై ఉంటారని సుమతి నమ్మకం.

తన మిద్దె ఫొటో పెట్టి సలహా అడిగితే, వంటింటి తొక్కలు కుళ్ళబెట్టి వెయ్యమన్నారు.

"బాబోయ్, ఆ కంపు నా వల్ల కాదు మాస్టారూ!"

"అయితే మీరు నీళ్ళు పొయ్యండమ్మా, చాలు," అని జవాబిచ్చారు.

ఎంత పెద్ద మనసో అనుకుంది.

హారిస్ సంగతి విని సోమశేఖర్ నసిగాడు. "ఒకసారి పిలిచి అడుగుదాం సుమతీ. మంచోడిలానే ఉంటాడు."

"అడగ్గానే ఒప్పేసుకుంటాడా? మీరు మరీనూ!"

మరో రెండిళ్ళవాళ్ళను కలుపుకుని ఓనరుకు ఫిర్యాదు చేసింది. హారిస్‌కు వీసా ఇచ్చి తెప్పించుకున్న కఫీల్ ఆ ఓనరే. ఆయన ఒక్క మాటన్నాడు.

"ఖలాస్."

చెత్త దొంగను పట్టుకున్నాం, ఊరికి సాగనంపుతున్నాం అని సుమతి గ్రూపులో గొప్పగా రాసింది. చప్పట్ల బొమ్మలు కురిశాయి. మాస్టారు మాత్రం ఒక్క వాక్యం రాశారు.

"కరివేపాకుకు ఇంక మీరే దిక్కమ్మా, నడి ఎండలో జాగ్రత్త."

వారం తిరక్కుండా అక్కడ ఉండనిచ్చే ఇఖామా రద్దయి హారిస్ విమానమెక్కాడు.

జూన్ వచ్చింది. మొక్క ఆకులు పండి రాలిపోసాగాయి. మాస్టారికి ఎన్ని మెసేజీలు పెట్టినా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతున్నాయి.

కుండీని నీడకు జరుపుదామని ఒకరోజు నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది.

అక్కడ మూతపెట్టిన నీలం డ్రమ్ము. దానిమీద మడిచిన గోనెపట్ట. విప్పి చూస్తే సరిగ్గా తన కుండీ కొలత, నడుమ మొక్క మొదలు పట్టేంత కంత.

మూత తీసింది. కంపు లేదు. తడిసిన నేల వాసన. నల్లటి ఎరువులో చింతగింజలు మొలకెత్తి, వాడి ఉన్నాయి.

ఆ బిల్డింగులో చింతపండు పిసికే ఇల్లు ఒక్కటే.

ఆ రోజు అతన్ని ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చి ఉంటే!

ఏడుస్తూనే కిందికొచ్చి భర్తకు చెప్పింది. "పాపిష్టిదాన్నండీ. నా మొక్కను సాకినవాణ్ణే దొంగని చేశాను."

"అతని నంబరు నా దగ్గరుంది. కలపనా?"

"ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? ముందు మాస్టారికి చెప్పుకుంటాను. క్షమాపణ ఎలా అడగాలో ఆయనే చెప్తారు. నా మెసేజీలు చేరట్లేదు, మీ ఫోన్లోంచి చెయ్యండి."

ఆమె మాస్టారి నంబరు ఒక్కో అంకే చదువుతోంది. అతను నొక్కుతున్నాడు.

చివరి అంకె చదవకముందే సోమశేఖర్ వేలు ఆగిపోయింది. అతని ఫోన్లో ఆ నంబరు పక్కన పేరు తేలింది: బుడేన్ సాహెబ్, హారిస్.