సంతకం తర్వాత

"కరెంటిస్తవా బిడ్డా, లేకుంటె నన్నే ఆ బటన్ ఒత్తమంటవా?"

లింబయ్య గుమ్మంలో నిలబడి అరిచాడు. అతని వెనక వరండాలో ఇంకో పదిమంది రైతులు. సువర్ణ ఆ గుంపుకూ స్విచ్చుల ప్యానెల్‌కూ మధ్య అడ్డంగా నిలబడింది. చీర కొంగు నడుముకు బిగించింది.

"నరేందరన్న ఎల్సీ తీస్కున్నడు బాపూ. ఆయనొచ్చి సంతకం పెట్టందే నేనియ్య."

బోధన్‌కు కాస్త దూరంలో ఉన్న ఆ చిన్న సబ్‌స్టేషన్‌లో సువర్ణ ఆపరేటరు. అదీ కాంట్రాక్టు మీద. లైన్ మీద పని పడితే లైన్‌మన్ ముందు ఆమె దగ్గరికొచ్చి, కరెంటు బందు చేయించి, పుస్తకంలో సంతకం పెట్టి పోతాడు. దాన్నే ఎల్సీ అంటారు. పని ముగించుకుని మళ్లీ వచ్చి సంతకం పెట్టేదాకా, దేవుడే దిగొచ్చి అడిగినా కరెంటు ఇవ్వకూడదు. పొద్దున తొమ్మిదికి, చెరుకు తోటలో పోలు మీద పని ఉందని లైన్‌మన్ నరేందర్ అట్లాగే సంతకం పెట్టాడు. మోకాళ్ల నొప్పుల మనిషి కదాని "పైలం అన్నా" అంది సువర్ణ. "గంటల అయిపోతది, బుగులువడకు చెల్లె" అని నవ్వి పోయాడు. ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఫోను స్విచ్చాఫ్. ఏం గంటో ఏమో!

లింబయ్య గొంతు తగ్గించి బతిమాలుకున్నాడు.

"రెండెకరాల వరి పొట్టకొచ్చింది బిడ్డా. మడి నెర్రెలిచ్చింది. మా ప్రశాంత్ పొద్దుగాల మోటరు కాడికని పోయిండు. కరెంటు కోసం సూసి సూసి ఆడ్నే పండుకున్నట్టుండు, ఫోనెత్తుతలేడు. నేను చెరుకు తోట దిక్కు నుంచే వచ్చిన. నరేందర్ బండి సుత లేదాడ. పని జేస్కొని ఎటో పోయిండు, నీకు చెప్పుడు మర్సిండు."

"బండి లేకుంటె మనిషి లేనట్టా బాపూ? ఎవరన్న పోయి తోటల పోలు కాడ సూసి రాండ్రి, మీ కాళ్లు మొక్కుత."

"మనిషెత్తు చెరుకుల ఎవడు దూరుతడమ్మా? అడివి పందులున్నయ్!" వెనక నుంచి ఎవరో అన్నారు. కదిలినవాడు ఒక్కడూ లేడు.

బల్ల మీద ఫోను మోగింది. ఆమె పై ఇంజనీరు, ఏఈ ఆత్మారాం.

"ఏం సువర్ణా, ఇంకా బందేనా? నాలుగు గంటల సంది లైన్ బందున్నది. ఇప్పుడంతా ఆన్‌లైన్. మన ఫీడర్ లైను హైదరాబాద్ల స్క్రీన్ మీద ఎర్రగ కనబడుతున్నది. జవాబు నువ్వు చెప్తవా?"

"సార్, ఎల్సీ వాపస్ రాలే…"

"రైతులు సూసిండ్రంట గద, లైన్ మీద ఎవ్వరు లేరని! పది నిమిషాలల్ల ఇయ్యి. లేకుంటె రేపట్నుంచి రాకు."

సంస్కరణలని పేరు పెట్టారు. స్క్రీన్లు వచ్చాయి గానీ లైన్‌మన్లు రాలేదు. అయిదూళ్లకు నరేందర్ ఒక్కడే దిక్కు. పైన ఎర్ర గీత చూసి మండిపడేవాళ్లకు పోలెక్కే మనిషి కనబడతాడా?

సువర్ణ ఫోను పెట్టేసింది. మూడేళ్ల కింద ఇంకో ఊళ్లో ఇట్లాగే ఎవరో "అయిపోయింది, ఇయ్యి" అంటే ఆపరేటరు ఇచ్చేశాడు. తీగలకు వేలాడుతున్న ఆ మనిషి ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది చూసిన రోజు నుంచి ఆ నల్ల బటన్ ముట్టుకున్న ప్రతిసారీ ఆమెకు గుండె దడే. ఉద్యోగం పోతే పిల్లల ఫీజులకు ఎవరి ముందు చెయ్యి చాపాలి? ఉద్యోగం కోసం బటన్ నొక్కితే, ఒక మనిషిని చేజేతులా చంపిన పాపం ఏ ప్రార్థనతో పోతుంది?

'యేసయ్యా, నరేందరన్నను సల్లగ సూడు. ఆయన మొకం ఒక్కసారి సూపియ్యి, చాలు' అని కళ్లు మూసుకుంది.

బయట బండి చప్పుడైంది.

"నరేందర్ వచ్చిండు! అగో, వచ్చిండు!"

సువర్ణ కిటికీ దగ్గరికి ఉరికింది. గేటు దగ్గర నరేందర్ బండికి స్టాండు వేస్తున్నాడు. చొక్కా నలగలేదు, ఒంటి మీద చెమట చుక్క లేదు. నిక్షేపంలా ఉన్నాడు! ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

ఫోను మళ్లీ మోగింది.

"వచ్చిండు సార్! ఇచ్చేస్తున్న!"

మనిషే కళ్ల ముందుంటే సంతకానికేం తొందర? తర్వాత పెట్టించుకోవచ్చు. బటన్ నొక్కింది. ప్యానెల్ మీద దీపం రంగు మారింది. పైన ఫ్యాను తిరిగింది.

"సల్లగుండు బిడ్డా! నీ కడుపు సల్లగుండ!" లింబయ్య రెండు చేతులూ ఎత్తి దీవించి, కొడుక్కి ఫోను చేస్తూ వరండాలోకి పోయాడు. "మోటరెయ్యమని చెప్పాలె… వీడింక ఎత్తడేంది?"

నరేందర్ చేతిలో సంచీతో లోపలికొచ్చి, ఫ్యాను వైపు చూసి ఆగిపోయాడు.

"కరెంటు… ఇచ్చినవా చెల్లె?"

"నువ్వొచ్చినవ్ గదన్నా! నాలుగు గంటల నుంచి నా పానం తీసినవ్. దా, సంతకం పెట్టు."

నరేందర్ చేతిలోంచి సంచీ జారింది. లోపలి పింగాణీ భళ్లున పగిలింది.

"పోలు మీద తీగకు బిగించే గీ పింగాణి తెచ్చేటందుకు బోధన్ పోయిన. ఫోన్ల ఛార్జింగ్ లేదు. ఇంకో గంట పడ్తదని చెప్పి పోదామని వచ్చిన."

"అయితేమాయె? నువ్వు దిగినవ్ గదా!"

"గీ మోకాళ్లతోటి నేనెక్కడ ఎక్కుత చెల్లె?" నరేందర్ వరండాలో మళ్లీ మళ్లీ ఫోను చేస్తున్న లింబయ్య వైపు చూశాడు.

"పోలు మీద ప్రశాంత్ ఉన్నడు."