రెండుసార్లు వెతికిన పెట్టె

మీనంబాకం విమానాశ్రయంలో ఏకాంబరం పెట్టెను పోలీసు తెరిచి, చొక్కాల మడతలు కూడా తడిమి చూశాడు.

గేటు ఇవతల అతని భార్య కోకిల కన్నార్పకుండా నిలబడింది. పొద్దున ఇంట్లో అదే పెట్టెను ఆమె రెండుసార్లు వెతికింది. ఏ ఆడదాని జాబూ దొరకలేదు.

"ఏమీ లేదు, పోండి సార్," అన్నాడు పోలీసు.

"బొంబాయిలో నాలుగు దినాల పనే కదా?" కోకిల కేకేసి అడిగింది.

"అవునే. నువ్వింక ఈడ నిలబడొద్దు, ఇంటికి పో." ఏకాంబరం పెట్టె అందుకున్నాడు. "పోతా, కోకిలా."

పన్నెండేళ్ల కాపురంలో, వీధి చివరి కొట్టుకు బయల్దేరినా అతను "పోయొస్తా" అనే అన్నాడు.

కోకిల పోలీసు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఆయన్ని ఆపండి! ఆ పెట్టెలో బాంబుంది!"