జల్లెడ కింద పుల్లలు

"అగ్గిపుల్లలమ్మా!" అన్నాడు మెకానిక్, డిష్‌వాషర్ అడుగు నుంచి చెయ్యి బయటికి తీస్తూ. "ఒకటి కాదు, మూడు. మురికినీళ్ళు తోసే పంపుకి అడ్డం పడ్డాయి. ఇక అదెలా తిరుగుతుంది?"

కోడలు మనసులోనే రోజులు లెక్కపెట్టుకుంది. పోయిన నెల సరిగ్గా ఇరవై ఆరో రోజున ఆగింది. ఈసారి ఇరవై ఎనిమిదో రోజున.

ఈ ఇరవై ఎనిమిది రోజులూ ఆమె ఆ మిషన్‌ని చంటిపిల్లలా సాకింది. వారం వారం అడుగున ఉన్న జల్లెడ తీసి కుళాయి కింద కడిగింది. నీళ్ళు చిమ్మే రెక్కల చిల్లుల్లో సూది పెట్టి పాచి తీసింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు తుడిచింది. గిన్నెల మీద తెల్లమరకలు పడకుండా మిషన్‌లో పోసే ఉప్పు అయిపోకుండా చూసుకుంది. ఖాళీ మిషన్‌లో వెనిగర్ పెట్టి వేడినీళ్ళతో తిప్పింది. కళ్ళద్దాల దుకాణంలో ఏడేళ్ళు అద్దాలు బిగించిన మనిషికి ఇలాంటి పని వెన్నతో పెట్టిన విద్య.

"గిన్నెల్లోంచి జారిపడ్డాయేమో?" అంది ఆశగా.

"జల్లెడ దాటి ఇంత పుల్ల వెళ్ళదమ్మా. ఎవరో జల్లెడ ఎత్తి, కింద వేసి, మళ్ళీ మూసెయ్యాలి."

ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "చేత్తో తోముకున్నన్నాళ్ళూ ఏ పంపుకీ ఏదీ అడ్డం పడలేదమ్మా!"

ఇంట్లో అగ్గిపెట్టె వాడేది అత్తగారొక్కరే. లైటర్ టక్కుమంటే ఆవిడకి గుండెదడ.

ఏడాది కిందట ఆవిడ చేతులకి చర్మం చిట్లే జబ్బు వచ్చింది. నీళ్ళలో చెయ్యి పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో కోడలు ఉద్యోగం మానేసింది. ఈమధ్య మళ్ళీ వెళ్తానంటే భర్త కాదనలేదు సరికదా, డిష్‌వాషర్ కూడా కొన్నాడు. పెట్టింది ఒకటే షరతు, అదీ నవ్వుతూనే.

"ఒక్క నెల మొరాయించకుండా నడవనీ. తర్వాత హాయిగా వెళ్దువుగాని. నువ్వు దుకాణంలో ఉండగా ఇది ఆగిపోతే అమ్మ చేత తోమిస్తామా?"

న్యాయమైన మాటే. కాదనడానికి సందెక్కడుంది?

మెకానిక్ వెళ్ళాడో లేదో, దుకాణం యజమాని ఫోన్ చేశాడు. "చూడమ్మా, రెండు నెలలుగా నీ కుర్చీ ఖాళీగా ఉంచాను. ఇంకొక్క నెల చూస్తాను, అప్పటికీ రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను. ఏమీ అనుకోకు."

సాయంత్రం భర్త రాగానే చెప్పేసింది. "అత్తయ్యే వేస్తున్నారండీ. నేను గడప దాటడం ఆవిడకి ఇష్టం లేదు."

"ఛ! అమ్మనంటావా?" అన్నాడు. చొక్కా గుండీలు విప్పుకుంటూ నిట్టూర్చాడు. "ఏమో, పెద్దావిడ, చాదస్తం. నువ్వేమీ అనకు, ఇల్లు నరకమవుతుంది. ఇంకో నెల ఓపిక పట్టు. ఎప్పట్లాగే రాత్రి గిన్నెలు నేను సర్దుతాలే, నువ్వెళ్ళి పడుకో. పొద్దున్నే మీట నొక్కితే చాలు."

ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ మనిషే లేకపోతే ఈ ఇంట్లో ఊపిరాడేది కాదనుకుంది.

మూడో నెల ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచింది. అగ్గిపెట్టె దాచేస్తే మర్నాటికల్లా పొయ్యి పక్కన కొత్తది ప్రత్యక్షమైంది. ఇదెక్కడిదని అడిగితే అత్తగారు "పొయ్యి వెలగొద్దా?" అని కసిరారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఆవిడ వంటింట్లోకి వస్తే చాలు, కోడలి చూపు ఆవిడ చేతుల మీదికే పోయేది. అయినా మిషన్ ఆగలేదు. ఇరవై ఆరు దాటింది. ఇరవై ఎనిమిదీ దాటింది. దుకాణానికి కట్టుకెళ్ళే చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

ముప్పయ్యో రోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

అత్తగారు మిషన్ ముందు చతికిలబడి ఉన్నారు. గిన్నెల అర బయటికి లాగి ఉంది. జల్లెడ పక్కన పెట్టి ఉంది. ఆవిడ చెయ్యి మణికట్టు దాకా ఆ గుంటలో ఉంది.

"దొరికారు!"

ఆవిడ ఉలిక్కిపడ్డారు.

"ఇంకొక్క పూట ఆగలేకపోయారా అత్తయ్యా?" అంది కోడలు. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నేను మీకేం అపకారం చేశాను? ఈ నాలుగు గోడల మధ్యే చావమంటారా?"

అత్తగారు మెల్లగా చెయ్యి బయటికి తీసి గుప్పిట విప్పారు. అరచేతిలో నాలుగు తడిసిన అగ్గిపుల్లలు. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి నెత్తురు కారుతోంది.

"వేస్తున్నాననుకున్నావా? తీస్తున్నాను," అన్నారు. "నెల రోజులుగా నువ్వు లేచేలోపు ఇదే పని."

"తీస్తున్నారా?"

"నువ్వు ఉద్యోగానికి వెళ్ళాలమ్మా. నన్ను వెళ్ళనివ్వలేదు ఆ రోజుల్లో. నువ్వైనా వెళ్ళాలి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? మిమ్మల్ని ఎన్ని అనుకున్నానో తెలుసా?"

"అనుకుంటే అనుకున్నావు. అత్తల్ని అనుకోవడం లోకంలో ఉన్నదేగా. నిజం తెలిస్తే నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నాను."

"ఏం నిజం? ఎవరు వేస్తున్నారు ఇవి?"

అత్తగారు పడకగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"నేను కన్నవాడే."