బీరువా తాళంచెవి

"ఇవ్వను!"

మేమంతా బుడంకాయ అని పిలిచే నాలుగేళ్ల పిల్ల చెక్క రైలును పొట్టకు అదుముకుని గోడకు ఆనుకుంది. ఆ రోజే బడిలో చేరిన పిల్లాడు ఏడుపు మొహంతో చేయి చాచి నిలబడ్డాడు.

తనిఖీకి వచ్చిన అధికారిణి చూస్తున్నారు. పైగా ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠమే పంచుకోవడం గురించి. నా పరువు కాస్తా ఆ రైలెక్కి పోతోంది.

"తప్పు కదూ తల్లీ? ఇద్దరూ కలిసి ఆడుకుంటే ఫ్రెండ్స్ అయిపోతారు," అని బతిమాలాను.

"ఆ ఆంటీ వెళ్లగానే నువ్వు లాక్కుని బీరువాలో పెట్టేస్తావుగా టీచర్! పోయినసారీ అంతే చేశావు. ఇవ్వనంటే ఇవ్వను!"

పాడైపోతాయని, తనిఖీ రోజున తప్ప మంచి బొమ్మలు మేం బయటికి తీయం. పోయినసారి దాని చేతిలోంచి రైలు లాక్కున్నది నేనే.

వంగి దాని చెవిలో ఒక మాట చెప్పాను. కాసేపు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత రైలును నేలమీద పెట్టి పిల్లాడివైపు ఒక్క తోపు తోసింది.

"మళ్లీ నావైపు తొయ్యాలి, తెలిసిందా?"

వాడు కళ్లు తుడుచుకుని తోశాడు.

అధికారిణి కారు గేటు దాటిందో లేదో, హెడ్‌మిస్ట్రెస్ నా ముందు చేయి చాచారు. "బొమ్మలన్నీ లోపల పెట్టించండి. తాళంచెవి ఇలా ఇవ్వండి, బీరువాకి తాళం వేసేస్తాను."

నేను తాళంచెవిని పొట్టకు అదుముకుని గోడకు ఆనుకున్నాను.

"ఇవ్వను," అన్నాను.