టబ్బుకి ఇంటివైద్యం

టబ్బు బాగయిపోయిందని ఆయన ప్రకటించడం ఆ నెలలో అది నాలుగోసారి.

టీచరమ్మ ఒక చేత్తో నడుం, ఇంకో చేత్తో గోడ పట్టుకుని మెల్లగా వెనక వరండాలోకి వచ్చింది. మొగుడి మాట మీద నమ్మకం కుదిరి కాదు, వేరే దారి లేక. రెండు నెలల కిందట స్కూలు మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచీ ఆమె నడుం ఆమె మాట వినడం లేదు. రోజూ ఇరవై నిమిషాలు వేణ్ణీళ్ళ ధారకి నడుం ఆనించి కూర్చోకపోతే పట్టేసిన కండరం వదలదని, ఇలాగే ఉంటే క్లాసులో నిలబడడం కల్ల అని డాక్టరు తేల్చి చెప్పాడు. స్కూలు తెరవడానికి ఇంకా పది రోజులే ఉంది.

ఇంట్లో వేణ్ణీళ్ళ ధారలు కొట్టే హాట్ టబ్ ఉందని తెలిసి, మీరు అదృష్టవంతులని కూడా అన్నాడా డాక్టరు. పాపం, ఆయన దాన్ని చూడలేదు.

పన్నెండేళ్ళ కిందట ఎవరో ఉన్నవాళ్ళు కొత్త టబ్బు పెట్టించుకుని పాతది పారేస్తుంటే, బంగారంలాంటి టబ్బు అంటూ మొగుడు దాన్ని వ్యానులో వేసుకొచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఆ బంగారానికి ఏదో ఒక రోగం. పంపు కారుతుంది. హీటరు వేడెక్కదు. వేడెక్కిందా, ఇక ఆగదు.

ప్రతి రోగానికీ ఆయన దగ్గర ఓ ఇంటివైద్యం ఉంది. పంపు కారితే పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. ఫిల్టరు చిరిగితే ఆమె మేజోడు తొడిగాడు. ఒకటే తొడిగాడు, రెండోది ఇప్పటికీ బీరువాలో ఒంటరిగా పడుంది. మీట ఊడితే దాని స్థానంలో గరిటె కాడ బిగించాడు. హీటరుకి ఏం చేశాడో దేవుడికే తెలియాలి, టబ్బు వేసినప్పుడల్లా వంటింట్లో ఫ్రిజ్జు ఆగిపోతోంది. ఈ వైద్యమంతా ఆదివారాలే, అదీ మధ్యాహ్నం కునుకు తీశాకే. తక్కిన రోజుల్లో అడిగితే, ఒళ్ళు హూనమై వచ్చాను, ఇంటికొచ్చాక కూడా ఇదేనా అంటూ సోఫాలో చేరగిలబడేవాడు.

పోనీ ఎవరినైనా పిలుద్దామని ఆమె అనకపోలేదు. ఆ మాటంటే చాలు, అంతెత్తున లేచేవాడు.

"మెకానిక్కుల సంగతి నాకు చెప్పకు. బాగున్న రబ్బరు సీలు కూడా విప్పి చూపించి, పోయిందంటారు. ఇంకొకడి చెయ్యి నా టబ్బు మీద పడనివ్వను."

ఉండబట్టలేక ఒకసారి పక్కింటావిడతో చెప్పుకుంది. వాళ్ళింట్లో టబ్బు పదేళ్ళుగా చెక్కుచెదరకుండా నడుస్తోంది. మీ ఇంట్లోనా టబ్బు పాడైంది అని ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అలాంటి ఓదార్పు మళ్ళీ అక్కర్లేదనుకుంది టీచరమ్మ.

"దిగు దిగు. ఇవాళ్టితో నీ నడుం సంగతి తేలిపోతుంది" అన్నాడు మొగుడు.

నిజంగానే తేలిపోయింది. మొదటి మూడు నిమిషాలూ స్వర్గం. సరిగ్గా నొప్పి ఉన్నచోటే వేణ్ణీళ్ళ ధార తగులుతుంటే ఆమె కళ్ళు మూసుకుని, ఆయన్ని దాదాపు క్షమించేసింది కూడా. నాలుగో నిమిషంలో సైకిలు ట్యూబు ఊడింది. చూస్తుండగానే నీళ్ళన్నీ వరండా పాలయ్యాయి. ఖాళీ టబ్బులో తడిబట్టలతో, బిగుసుకుపోయిన నడుంతో ఆమె ఒక్కతీ మిగిలింది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది.

ఆయన పరుగున వచ్చాడు. వచ్చి, ముందు పంపు దగ్గర కూర్చున్నాడు.

"సైకిలు ట్యూబు చాల్లేదే. లారీ ట్యూబు వెయ్యాలి" అన్నాడు ఆలోచనగా.

ఆ తర్వాత గుర్తొచ్చినట్టు ఓ దుప్పటి తెచ్చి ఆమెని పైకి లాగాడు. ఆమెకి ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. పదహారేళ్ళుగా నిలబడి చెప్పిన పాఠం ఇక కుర్చీలో కూలబడి చెప్పాల్సొస్తుందేమోనని.

సోమవారం ఎనిమిదింటికి, మిగతాది వచ్చే ఆదివారం చూద్దామని చెప్పి ఆయన పనికి వెళ్ళిపోయాడు. గేటు చప్పుడు వినబడ్డాక ఆమె మంచం మీద నుంచే టబ్బుల కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో కొత్తగా చేరిన అమ్మాయి, మాట మర్యాదగా ఉంది. టబ్బు కష్టాలన్నీ ఓపిగ్గా రాసుకుంది. మేజోడు దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగింది.

"మీ దగ్గర అందరికన్నా సీనియర్ ఎవరమ్మా?" అంది టీచరమ్మ.

"ఇరవై రెండేళ్ళ సర్వీసున్నాయన ఒకరున్నారు మేడమ్. ఆయన చెయ్యి పడితే ఎంత పాత టబ్బయినా గంటలో లేచి కూర్చుంటుంది. కస్టమర్లందరూ ఆయనే కావాలంటారు."

"నాకూ ఆయనే కావాలి. అసలైన సామాన్లతో రమ్మనండి. పని పూర్తయ్యిందని నేను సంతకం పెట్టేదాకా కదలకూడదు."

అది ఎలాగూ తమ రూలేనని, పదింటికల్లా పంపిస్తానని చెప్పిందా అమ్మాయి. ఫోన్ పెట్టేశాక, రెండు నెలల్లో మొదటిసారి టీచరమ్మకి నవ్వొచ్చింది.

సరిగ్గా పదింటికి బెల్లు మోగింది. ఆమె గోడ పట్టుకుని వెళ్ళి తలుపు తీసింది.

పొద్దున తొడుక్కెళ్ళిన కంపెనీ చొక్కాలోనే, కొత్త సీళ్ళ పెట్టె చంకన పెట్టుకుని, తలెత్తకుండా "నమస్తే మేడమ్, టబ్బు ఎక్కడండీ?" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు ఆమె మొగుడు.